పెత్రీత్ లేని సోమవారాలు

మా ఇంట్లో సోమవారం అంట్లు తోమే పని హంతకుణ్ణి తప్పు చెప్పినవాళ్ళది. ఇది అమ్మ పెట్టిన రూలు. టీవీలో హత్య సీరియల్ ముగిసే ముందు ఆఖరి ప్రకటనలు వస్తాయి కదా, ఆ కాసేపట్లో అందరం హంతకుడి పేరు పైకి చెప్పెయ్యాలి. చెప్పాక మార్చుకోవడానికి వీల్లేదు.

నాన్నమ్మ వించెంజా ఏ కథలోనైనా చర్చి ఫాదర్‌నే పట్టుకునేది. ఫాదర్ లేని కథయితే డాక్టర్ని. "నల్ల బట్టలోడు కాకపోతే తెల్ల బట్టలోడు, ఇంకెవడుంటాడు" అనేది. నాన్న సవేరియో తాపీ మేస్త్రీ. రోజంతా ఎండలో వేగి వచ్చి, సగం కథ కునికిపాట్లలోనే గడిపి, ప్రకటనల చప్పుడుకి ఉలిక్కిపడి లేచి "ఆ మీసాలాయన" అనేవాడు. మీసాలాయన అప్పటికే చచ్చిపోయి ఉండేవాడు. అంట్లు ఎక్కువగా నాన్నే తోమేవాడు.

అమ్మ దోనాతా మాత్రం తప్పేది కాదు. ఆమెకి టీవీ ఒక్కటే కాదు, పుస్తకాల పిచ్చి కూడా. హత్య కథలు పసుపు అట్టలతో వస్తాయి కాబట్టి మా దేశంలో అందరూ వాటిని పసుపు పుస్తకాలనే అంటారు. నేను ఊరి నడుమ పత్రికల కొట్టులో పని చేసేదాన్ని. కొత్త కట్ట విప్పగానే ఒక ప్రతి తీసి బల్ల కింద పెట్టేదాన్ని అమ్మ కోసం. కుర్చీలో కూర్చుని చదవడం ఆమెకి చేతకాదు. పొయ్యి ముందు నిలబడి, ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం. "ఇమ్మా, ఈ వంటమనిషి అబద్ధం ఆడుతోందే" అని నన్ను పేరు పెట్టి పిలిచి చెప్పేది, ఆ వంటమనిషి మా వీధిలోనే ఉన్నట్టు.

ఆమెకి పోటీ వచ్చింది ఒక్క పెత్రీత్. అల్బేనియావాడు. సముద్రం దాటి వచ్చి రెండేళ్ళయింది, కాగితాలు లేవు, నాన్న కింద కూలిపని చేసేవాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మా టీవీ అందేదట. అందులో హత్య సీరియళ్ళు చూసి చూసి మా భాష నేర్చుకున్నాడు. అందుకని అతని నోట వచ్చేవన్నీ పోలీసు మాటలే. సోమవారం భోజనానికి వచ్చి గుమ్మంలో నిలబడి, "శుభ సాయంత్రం. విచారణ ముగిసేదాకా ఎవరూ గది దాటకూడదు" అనేవాడు. ఉప్పు కావలసి వస్తే "ఈ ఇంట్లో ఉప్పుని చివరిసారి చూసిందెవరు?" అని అడిగేవాడు.

"వీణ్ణి ఏ ఠాణాలో కన్నారే?" అని నాన్నమ్మ నన్ను అడిగేది.

అతని పద్ధతి అతనిది. కథలో ఎవరు అందరికంటే మర్యాదగా మాట్లాడతారో వాళ్ళే హంతకులని అతని లెక్క. "కోపిష్టివాడికి దాచడం రాదు, సిన్యోరా. తలుపు తీసి పట్టుకునేవాణ్ణి చూడండి" అనేవాడు అమ్మతో. సిన్యోరా అంటే మా భాషలో అమ్మగారు. అమ్మ నవ్వేది. "అలాగైతే మా ఆయన ఎప్పటికీ హంతకుడు కాలేడు" అనేది.

ఆ ఏడు జూన్‌లోనే ఎండలు ముదిరాయి. జూలై వచ్చేసరికి ఊళ్ళో పగలు కుక్క కూడా బయటికి రావడం లేదు. నేను చెప్పేది జూలై మొదటి సోమవారం. పెత్రీత్ తన పాత మొపెడ్‌ని తోసుకుంటూ మా ఎత్తు వీధి ఎక్కి వచ్చాడు. చొక్కా మొత్తం ఒంటికి అంటుకుపోయింది.

"శవాన్ని తెచ్చాను, మేస్త్రీ," అన్నాడు పెరట్లోకి వస్తూనే. "మీరొకసారి పరీక్షించాలి."

నాన్న వంగి చూశాడు. యాక్సిలరేటర్ వైరు తెగిపోయింది. "ఇది ఊళ్ళో దొరకదు. ఆదివారం పట్నం నుంచి తెచ్చి వేస్తా. అప్పటిదాకా ఇక్కడే పడుండనీ. పొద్దున్నే నేను వ్యాన్‌లో ఎక్కించుకుంటా, వీధి చివర నిలబడు."

మొపెడ్‌ని తొట్టి పక్కన గోడకి ఆనించారు. ఆ రాత్రి సీరియల్‌లో అమ్మ విధవరాలి అన్న అంది. పెత్రీత్ నోటరీ అన్నాడు. నోటరీయే. అమ్మ కాసేపు తెర వంక అలాగే చూసి, లేచి, గౌను చేతులు పైకి మడుచుకుని, తొట్టి దగ్గరికి వెళ్ళింది. మాకెవరికీ నమ్మకం కుదరలేదు. పెత్రీత్ పక్కన నిలబడి ఆమె కడిగిన ప్రతి పళ్ళెం తుడిచాడు, మొహం వెలిగిపోతూ.

"నోటరీ ఆమెకి కుర్చీ వేశాడు, సిన్యోరా. మీరు చూడలేదు."

"వచ్చే సోమవారం రా, చెప్తా నీ పని," అంది అమ్మ.

గురువారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి మొపెడ్ పెరట్లో లేదు. అది నిలబడిన చోట నేల మీద నూనె మరక ఉంది. వంటింట్లో నాన్న కూర్చుని ఉన్నాడు. ఆ వేళకి ఆయన సైటులో ఉండాలి. తల తడిగా ఉంది, ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"పని తొందరగా అయిపోయింది," అన్నాడు నేను అడక్కుండానే.

అమ్మ అప్పుడే బజారు నుంచి వచ్చింది. ఆయన ముందు పళ్ళెం పెట్టింది. ఆయన రొట్టె తుంచి, తుంచిన ముక్కని మళ్ళీ తుంచి, అలా ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. తర్వాత కిటికీ తలుపులు మూసి వీధంతా కునుకు తీసే వేళ, నడవాలో ఆయన ఉత్త కాళ్ళతో ఆ చివర నుంచి ఈ చివరకి తిరగడం నా గదిలోకి వినపడింది. ఆ వేళప్పుడు ఇల్లు కూలినా లేవని మనిషి.

సాయంత్రం కొట్టు తెరిచాక, పేపరు కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పారు. సమాధుల తోట మలుపు దగ్గర ఎవరో అల్బేనియా కుర్రాడు మొపెడ్ జారి పడి చనిపోయాడట. నేను కొట్టు అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, పెత్రీత్..."

అమ్మ బల్ల దగ్గర చిక్కుళ్ళు ఒలుస్తోంది. నాన్న బాల్కనీలో వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"విన్నాను," అన్నాడు తిరగకుండానే. "మలుపులో జారాడట."

"దేని మీద?" అంది అమ్మ.

"మొపెడ్ మీద."

అమ్మ మిగిలిన చిక్కుళ్ళన్నీ ఒలిచింది. ఒలిచినవి తొక్కల్లో, తొక్కలు గిన్నెలో పడ్డాయని నేను తర్వాత చూశాను.

పెట్టెలో పెట్టి సీలు వేసి పెత్రీత్‌ని ఓడ మీద వాళ్ళ ఊరికి పంపారు. ఆ ఏర్పాటంతా నాన్న పని చేసే సైటు కాంట్రాక్టర్ కతాల్దో చూసుకున్నాడు. చర్చిలో ముందు వరసలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. కూలివాడి కోసం అంత చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారని ఊరంతా అనుకుంది.

ఆ తర్వాతి సోమవారం టీవీ పెట్టింది నాన్నమ్మే. కుర్చీలన్నీ మామూలుగానే వేసి ఉన్నాయి. అమ్మ పొరపాటున ఐదు పళ్ళేలు పెట్టి, ఒకటి తీసేసింది. కథ సగంలో నాన్న లేచాడు. మంచినీళ్ళు తాగి వచ్చాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి పెరటి తలుపు గడియ పెట్టి వచ్చాడు. ప్రకటనలు రాగానే నాన్నమ్మ "ఫాదర్" అంది. నేనేదో పేరు చెప్పాను. అమ్మ పళ్ళేలు ఎత్తుతోంది.

"నువ్వు చెప్పవే?" అంది నాన్నమ్మ.

"నాకు తెలీదు, అత్తయ్యా."

"నీకు తెలియకపోవడమేంటి?"

హంతకుడు ఎవరో తేలే సమయానికి నాన్న ఇంట్లో లేడు. వీధిలో నడుస్తున్నాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం అంతే. ఆఖరి ఘట్టం రాగానే చెప్పులు వేసుకునేవాడు.

అమ్మ పుస్తకాల మీద పడింది. నేను తెచ్చిన పుస్తకం మర్నాటికే తిరిగిచ్చేసి ఇంకోటి అడిగేది. అంత వేగంగా ఎలా చదువుతోందా అనుకున్నాను. ఒకరోజు చూస్తే, మూడో అధ్యాయమో నాలుగో అధ్యాయమో చదివి, పేజీ మడిచి పక్కన పెట్టేస్తోంది. ఒక్కదానికీ చివరిదాకా వెళ్ళలేదు.

"బాగాలేదా?" అన్నాను.

"బాగానే ఉంది. శవం దొరికేదాకా చదువుతున్నా. దొరికాక చదవలేకపోతున్నా."

ఆగస్టు మొదట్లో కతాల్దో స్వయంగా మా ఇంటికి వచ్చాడు. వెనక ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చారు. అందులో కొత్త టీవీ, మా గోడంత ఉంటుంది. ఆయన గుమ్మం దగ్గరే ఆగి, కాళ్ళు తుడుచుకుని, లోపలికి రావచ్చా అని అడిగాడు.

"పెద్దావిడకి చూపు ఆనడం లేదట కదా, సవేరియో చెప్పాడు. పెద్ద తెరయితే కళ్ళకి శ్రమ ఉండదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అమ్మతో, "మంచి కుర్రాడమ్మా. నా కొడుకు పోయినట్టుంది. మీవారికి కూడా మనసు బాగాలేదు, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు.

అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన తాగి, కప్పు తనే తీసుకెళ్ళి తొట్టిలో పెట్టాడు.

"ఎంత మర్యాదస్తుడో," అంది అమ్మ ఆయన వెళ్ళాక.

పెట్టె విప్పలేదు. నడవాలోనే నిలబెట్టారు. విప్పమని నాన్నమ్మ రోజూ గొడవ. అమ్మ విప్పనివ్వదు, నాన్న తీసెయ్యడు. నెలంతా ఇంటిల్లిపాదీ ఆ పెట్టె పక్కనుంచి గోడకి రాసుకుంటూ వంటింట్లోకి వెళ్ళాం. మధ్యాహ్నాలు నాన్న పచార్లకి కూడా అది అడ్డం వచ్చింది. దాని దాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగేవాడు. రాత్రి ఎప్పుడు పడుకుంటున్నాడో తెలీదు. కళ్ళ కింద చర్మం నల్లబడింది. సైటుకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. కొత్త పరంజా కట్టారని, ఈసారి ఇనప గొట్టాలతో కట్టారని ఒకసారి తనంతట తనే అన్నాడు.

ఆగస్టు చివర టమాటాలు వచ్చాయి. ఏడాదికి సరిపడా గుజ్జు ఉడికించి సీసాల్లో పోసే రోజు మా ఇంట్లో ఎవరికీ తప్పదు. తెల్లారకముందే పెరట్లో పొయ్యి రాజేశాం. నాన్నమ్మ ముచికలు తీస్తోంది, నేను మర తిప్పుతున్నాను, అమ్మ గరాటుతో సీసాలు నింపుతోంది, నాన్న మూతలు బిగిస్తున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. ఆ నూనె మరక మీద అమ్మ ఎప్పుడో బట్టల సబ్బుతో రుద్దింది గానీ పోలేదు. సీసాల బుట్ట సరిగ్గా దాని మీదే ఉంది.

"ఆ వైరు ఎవరు వేశారు?" అంది అమ్మ, గరాటు మార్చుకుంటూ.

"ఏ వైరు?"

"మొపెడ్‌ది."

నాన్న మూత బిగించాడు. బిగించినదాన్నే మళ్ళీ తిప్పాడు. "నువ్వు ఆ పుస్తకాలు మరీ ఎక్కువ చదువుతున్నావు, దోనాతా."

"పుస్తకంలోనైతే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. ఎవరైనా వస్తారేమోనని చూశా. రెండు నెలలు కావస్తోంది, ఎవరూ రాలేదు. అందుకని నేను అడుగుతున్నా."

"అడక్కు."

"బుధవారం దాకా నీ వ్యాన్‌లోనే వచ్చాడు కదా."

"పిల్ల ముందు అడక్కు."

"పిల్లకీ తెలుసు," అంది అమ్మ.

నేను మర తిప్పడం ఆపాను. నాన్న నా వంక చూశాడు. ఆయన మొహంలో కోపం ఉంటుందనుకున్నాను, లేదు. దెబ్బ పడబోతోందని తెలిసినవాడు చూసే చూపు అది. కట్టెలు తెస్తానని లేచి వెళ్ళాడు. పొయ్యి పక్కన కట్టెలు బోలెడున్నాయి.

"ఏమన్నాడు?" అంది నాన్నమ్మ చెవి ఒగ్గి.

"ఏమీ అనలేదు, అత్తయ్యా," అంది అమ్మ.

సెప్టెంబరులో మొదటి వాన కురిసిన రోజు మా తలుపు ఎవరో కొట్టారు. నలభై ఏళ్ళ ఆడమనిషి, పొట్టి జుట్టు, భుజానికి సంచి, గొడుగు లేదు. "సవేరియో మేస్త్రీ ఇల్లు ఇదేనా?" అంది. మా భాష బాగా వచ్చు, కానీ ఒక్కో మాటా ఒత్తి పలుకుతోంది. "నా పేరు ద్రితా. పెత్రీత్ అక్కని."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. ఇద్దరూ పెట్టె పక్కనుంచి ఒదిగి వెళ్ళారు. నేను తువ్వాలు ఇచ్చాను. నాన్నమ్మ కుర్చీ జరిపింది. అమ్మ కాఫీ కుండ పొయ్యి మీద పెట్టింది. నాన్న ఇంకా రాలేదు.

తమ్ముడి గది ఖాళీ చెయ్యడానికి వచ్చానంది ద్రితా. ఒక పళ్ళ డాక్టర్ దగ్గర పని చేస్తోందట, సెలవు ఇప్పటికి దొరికింది. మలుపు కూడా చూసి వచ్చింది.

"సోమవారం సీరియల్ అయిపోగానే ఫోన్ చేసేవాడు," అంది. "నేనూ అక్కడ అదే చూసేదాన్ని. ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం. ఆఖరిసారి చాలా సంబరంగా ఉన్నాడు. మిమ్మల్ని ఓడించానన్నాడు. సిన్యోరా అంట్లు తోమింది, నేను తుడిచాను అన్నాడు."

అమ్మ నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

"ఇంకోటి కూడా చెప్పాడు," అంది ద్రితా. "మొపెడ్ పాడైంది, మేస్త్రీ నన్ను వ్యాన్‌లో తీసుకెళ్తున్నాడు అన్నాడు. నేను ఫోన్‌లో పోలీసుల్ని అడిగాను. బాగు చేయించుకుని ఉంటాడన్నారు. నిన్న వచ్చి అడిగితే మళ్ళీ అదే అన్నారు. అందుకని మీ దగ్గరికి వచ్చాను."

అప్పటికే నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. జోడు చేతిలో ఉంది, గచ్చు తడవకుండా బయటే విప్పినట్టున్నాడు. ద్రితా ఆయన వైపు తిరిగింది. అడగడానికి సిద్ధం చేసుకున్న మాటలనుకుంటాను, తడబడకుండా అడిగింది.

"మా తమ్ముడు చనిపోయినప్పుడు పక్కన ఎవరున్నారు?"

కాఫీ పొంగి పొయ్యి మీద పడుతోంది. ఎవరూ దాన్ని దించలేదు. చక్కెర ఎక్కడుందని నాన్నమ్మ అడుగుతోంది.

"నేనున్నాను," అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఆదివారం చొక్కా వేసుకుని, ఠాణాకి వెళ్ళాడు. అమ్మ వెంట వెళ్ళింది. అక్కడ ఠాణా పెద్ద మార్షల్‌తో నాన్న చెప్పింది ఇది: మూడో అంతస్తులో పరంజా చెక్క పుచ్చిపోయి ఉంది, మార్చమని కతాల్దోకి ముందే చెప్పారు, మార్చలేదు. పెత్రీత్ పడ్డాడు. పడగానే ప్రాణం పోయింది. కాగితాలు లేనివాడు పనిలో చచ్చాడని తెలిస్తే సైటు మూసేస్తారు, అందరి కూడూ పోతుంది అన్నాడు కతాల్దో. మా పెరట్లోంచి మొపెడ్‌ని వ్యాన్‌లో ఎక్కించి మలుపు దగ్గరికి చేర్చింది నాన్నే.

ఆ సాయంత్రమే కతాల్దోని తీసుకెళ్ళారు. సైటుకి తాళం పడింది. పని పోయినవాళ్ళ భార్యలు వీధిలో అమ్మని చూసి కిటికీలు వేసుకున్నారు. మా కొట్టు యజమాని నన్ను కొన్నాళ్ళు రావద్దన్నాడు. నాన్న, నేను టీవీ పెట్టెని చెరో వైపు పట్టుకుని, ఊరు చూస్తుండగా మోసుకెళ్ళి కతాల్దో గేటు ముందు పెట్టి వచ్చాం. నాన్నమ్మ ఆ రోజు అన్నం తినలేదు. టీవీ కోసమో కొడుకు కోసమో ఎవరికీ చెప్పలేదు.

నాన్న తేలికపడతాడనుకున్నాను. ఖాళీ అయిన నడవాలో ఆయన ఇంకా ఎక్కువ తిరిగాడు. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు.

"ఇంకా ఉంది కదా," అంది అమ్మ రెండో రోజు, ఆయన బట్టలు మడుస్తూ.

"ఉన్నదంతా చెప్పాను. నీ ముందే కదా చెప్పింది."

"నా ముందే. అందుకే అంటున్నా. పడగానే పోయాడని చెప్పేటప్పుడు నువ్వు మార్షల్ మొహం చూడలేదు. గోడ మీద గడియారం చూశావు."

"ఊరికే నన్ను చంపుకు తినకు, దోనాతా."

"నేనేం అనడం లేదు. అయిపోతే నిద్రపడుతుంది, అంతే అంటున్నా."

శుక్రవారం ద్రితా ప్రయాణం. రేవుకి వెళ్ళే బస్సు మధ్యాహ్నం చర్చి ముందు నుంచి బయల్దేరుతుంది. మేం ముగ్గురం సాగనంపడానికి వెళ్ళాం. నాన్న రానవసరం లేదంది అమ్మ, ఆయన వచ్చాడు. ద్రితా సంచితో పాటు తమ్ముడి బట్టల మూట కూడా ఉంది. డ్రైవర్ రెండూ తీసుకుని బస్సు పొట్టలో పెట్టాడు.

ఆమె అమ్మని కౌగిలించుకుంది. నా భుజం తట్టింది. నాన్న ముందు ఆగింది, చెయ్యి చాపలేదు.

"పడగానే పోయాడని మార్షల్ చెప్పాడు. మీరే చెప్పారట," అంది. "మా అమ్మకి అదే చెప్తాను. నొప్పి తెలీలేదని చెప్తాను. చెప్పొచ్చు కదా?"

నాన్న నోరు తెరిచాడు. ఏదో మర్యాద మాట అనబోయాడనుకుంటాను. అమ్మ ఆయన వంక చూడడం లేదు, బస్సు చక్రం వంక చూస్తోంది.

"చెప్పకండి," అన్నాడు నాన్న.

ద్రితా కదల్లేదు.

"పడ్డాక మాట్లాడాడు. కాళ్ళు తెలీడం లేదు మేస్త్రీ అన్నాడు. నేను ఫోన్ తీశాను. కతాల్దో వద్దన్నాడు, డాక్టర్ తనకి తెలుసు, తనే పిలుస్తానన్నాడు. పక్కకి వెళ్ళి ఎవరితోనో మాట్లాడాడు. డాక్టర్‌తో కాదు. నాకు అప్పుడే తెలుసు డాక్టర్‌తో కాదని."

"మీ ఫోన్?"

"జేబులో పెట్టుకున్నాను."

"ఎంతసేపు బతికాడు?"

"నీడ గోడ మీద నుంచి మా మీదకి వచ్చేదాకా. తల నా ఒళ్ళోనే ఉంది. నీళ్ళడిగితే ఇచ్చాను. చలేస్తోందన్నాడు, ఆ ఎండలో. నా చొక్కా కప్పాను." నాన్న మళ్ళీ అన్నాడు, "పిలిచి ఉంటే వచ్చేవాళ్ళు. ఆసుపత్రి ఎంతో దూరం లేదు. బతికేవాడో లేదో నాకు తెలీదు. పిలవలేదు."

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎక్కుతున్నారా లేదా అని అరిచాడు. ద్రితా నాన్నని చూస్తూనే ఉంది. ఆమె కొడుతుందేమో అనిపించింది నాకు. కొడితే బాగుండునని నాన్న మొహం చూస్తే అనిపించింది. ఆమె బస్సు దగ్గరికి వెళ్ళి, "నా సామాను దించండి" అంది.

నాన్న మొదట చెప్పిన వాంగ్మూలంతోనే ఆగి ఉంటే జైలు తప్పేదని వకీలు తర్వాత అన్నాడు. రెండోదానితో తప్పలేదు. కతాల్దోకి ఎక్కువ కాలం శిక్ష పడింది, నాన్నకి తక్కువ. అమ్మ ద్రాక్షపళ్ళు పెట్టెల్లో సర్దే షెడ్డులో చేరింది, తెల్లవారుజామున వెళ్ళేది. నేను పట్నంలో పని వెతుక్కున్నాను. మా ఊళ్ళో ఇప్పటికీ మమ్మల్ని పలకరించనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ చలికాలం ఎలా గడిచిందో మాకు తెలుసు, అందుకని మేమూ ఏమీ అనం. ద్రితా ఒక్కసారి ఫోన్ చేసింది, తీర్పు వచ్చిన రోజు. అమ్మతో మాట్లాడింది. నాన్నని అడగలేదు.

అదంతా తర్వాత. ఆ మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది, మేం నలుగురం చర్చి ముందు మిగిలాం. ద్రితా సంచి భుజానికి తగిలించుకుంది. బట్టల మూట అందుకోబోయాడు నాన్న. ఆమె ఇవ్వలేదు. అమ్మకి ఇచ్చింది.

ఠాణా దారి ఆమెకి అప్పటికే తెలుసు. తనే ముందు నడిచింది. కిటికీ తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఊరు నిద్రలో ఉంది. నాన్న ఆమె వెనకే, పెద్ద అంగలు వెయ్యకుండా, ఆమె వేగానికి సరిపడా నడిచాడు. లోపల మార్షల్ చొక్కా గుండీలు విప్పుకుని ఫ్యాను కింద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి విసుక్కున్నాడు.

"మళ్ళీ ఏమిటి, సవేరియో?"

నాన్న కుర్చీ లాగి ద్రితాకి వేశాడు. ఆమె కూర్చోలేదు. ఆ కుర్చీలో తనే కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, మార్షల్ మొహంలోకి చూశాడు.

"మొన్న నేను చెప్పింది అబద్ధం," అన్నాడు. "మొదటి నుంచీ రాసుకోండి."